యాభై దాటని ట్రాక్టరు

2023 వేసవిలో నాన్న పాత ట్రాక్టరు ఇచ్చేసి కొత్తది తీసుకుందామన్నారు. గుడివాడలో షోరూమ్‌లు తిరిగాం. ఒక కంపెనీ బండి 49 హెచ్‌పీ. పక్క కంపెనీదీ 49 చిల్లరే. "అందరూ కూడబలుక్కున్నారా ఏంటి?" అని అడిగాను. సేల్స్ కుర్రాడు నవ్వాడు. "యాభై దాటితే రూలు మారుద్దండీ, రేటూ మారుద్ది."

ఇంటికొచ్చి ఫోన్లో వెతికాను. నిజమే. 37 కిలోవాట్లు, అంటే దాదాపు 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు ఆ ఏడాది జనవరి 1 నుంచి ట్రెమ్-4 నిబంధనలు వచ్చాయి. కిలోవాట్ అవర్‌కి మసి 0.025 గ్రాములు మించకూడదు. గీతకి కిందున్న బండికి మాత్రం 0.6 గ్రాముల దాకా సరే. అంటే 24 రెట్లు! ఆ మసి తగ్గించాలంటే కామన్ రైల్, కంప్యూటర్ కంట్రోల్, పొగగొట్టంలో ఫిల్టర్ లాంటివి కావాలి. అందుకే కంపెనీలు గీతకి ఇవతలే ఆగుతున్నాయి.

అమెరికాలో ఉండే మా బావకి చెబితే, "నా గడ్డి కోసే ట్రాక్టరు 24 హెచ్‌పీ. ఎందుకో ఇప్పుడర్థమైంది" అన్నాడు. అక్కడ ఆ గీత 25 దగ్గరుంది. యూరప్‌లో 2019 నుంచి 19 కిలోవాట్లు దాటితేనే రూలు బాగా గట్టిది. ఇంజన్ బలం ఎంతుండాలో పొలం ఒక్కటే కాదు, దేశం గీసిన గీత కూడా తేలుస్తోందన్నమాట.

నాకు 55 హెచ్‌పీది తీసుకోవాలనిపించింది. కారణం నాన్న దగ్గు. మా నల్లరేగడిలో దమ్ము చేస్తుంటే పాత బండి లాగట్లేదని మెకానిక్ పంపు పెంచాడు. డీజిల్ ఎక్కువ పోతే బలం వస్తుంది. కానీ దానికి సరిపడా గాలి ఉండదు కాబట్టి పూర్తిగా కాలదు, నల్లగా కక్కుతుంది. రోజంతా ఆ పొగలోనే నాన్న. సిగరెట్ తాగుతారా అని డాక్టర్ అడిగితే, "నేను కాదండీ, ట్రాక్టరు తాగుద్ది. నేను పక్కనుంటా" అన్నారు. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధన విభాగం 2012లోనే తేల్చింది. నాకు నవ్వు రాలేదు.

నాన్న లెక్క వేరు. "కాలవ నీళ్లొచ్చాక సెన్సార్ లైటు వెలిగి బండి ఆగితే? లాప్‌టాప్ పట్టుకుని కంపెనీవాడు వచ్చేసరికి ఊరంతా నాట్లయిపోతాయి. 49ది అయితే మనూరి మెకానికే విప్పుతాడు. అయినా దమ్ములో చూడాల్సింది హెచ్‌పీ కాదురా, లాగుడు."

అప్పు ఆయన పేరుతోనే. పొలం ఆయనదే. 49ది తెచ్చుకున్నాం.

నాన్నది తప్పని అనలేను. కానీ 49 బండి తోలే మనిషికైనా, 55 బండి తోలే మనిషికైనా ఊపిరితిత్తులు ఒకటే కదా! శుభ్రమైన ఇంజన్ చిన్న రైతుకి అందే రేటులో, ఊళ్లోనే రిపేరయ్యేలా వచ్చేదాకా ఈ గీత మా నాన్నలాంటివాళ్లను పొగవైపే ఉంచుతుంది.

మొదటి దమ్ము రోజు మెకానిక్ వచ్చి, "కొంచెం పంపు పెంచమంటారా?" అని అడిగాడు. నాన్న నావైపు చూసి, "వద్దులేవయ్యా. నిదానంగానే లాగుద్దిలే" అన్నారు.

ఆ ఒక్క మాట చాలు నాకు, ఈ ఏడాదికి.