లాకులు

అమెరికా వాయవ్యదిశను, సియాటిల్ నగరమునందు, సముద్రమునకును వాషింగ్టన్ సరస్సునకు దారితీయు జలమార్గమునకును నడుమ, 1917లో లాంఛనముగా ప్రారంభింపబడిన బాలార్డ్ లాకులున్నవి. సరస్సు మట్టము సముద్రముకంటె, ఆటుపోటుల ననుసరించి, 6 అడుగులు మొదలు 26 అడుగుల వరకు ఎత్తున నుండుటచే, లోనికి పోదలచిన నౌక ఒక పొడవైన గదిలో ప్రవేశించి, వెనుక తలుపులు మూతపడగా నీటితోపాటు తానును మెల్లగా లేచి, ముందు తలుపులు తెరవబడగా సాగిపోవును. ఇచ్చట నివసించు తెలుగువారు దేశమునుండి వచ్చిన పెద్దలకు ఈ వింతను చూపుదురు. ఆ వచ్చినవారు కోనసీమవాసులైనచో వారి కిది వింతగా తోచదు. “మా లొల్ల కాడ లాకుల్లాంటియ్యే కదండీ ఇయ్యి!” అందురు. ఆంగ్లము చదువని ఆ పెద్దలు, ఆంగ్లము చదివిన మన బిడ్డలలో పెక్కురకు తెలియని అర్థమున, ఆ ఆంగ్లపదమును పుట్టు తెలుగు మాటవలె పలుకుట విన్ననాడెల్ల నాకు ఈ పదముపై ప్రీతి ఇనుమడించును.

ప్రాచీనాంగ్లమున ఈ ‘లాక్’ అను పదము గడియ, అడ్డు, ఆవరణము అను భావములను తెలుపుచుండెను. తలుపు తాళమును, నదికి వేసిన అడ్డును, ఆ అడ్డునుండి పరిణమించిన పడవల గదియు, తుపాకియందు మందును రగిల్చు యంత్రభాగమును, మల్లయుద్ధమున ప్రత్యర్థిని కదలనీయని పట్టును ఆ మూలమునుండి వెడలినవే. కురులపాయ యను అర్థముగల ‘లాక్’ మాత్రము వేరొక ధాతువునుండి పుట్టి, కాలక్రమమున రూపసామ్యముచే దీనితో కలిసినది; 1712లో అలెగ్జాండర్ పోప్ ప్రకటించిన ప్రసిద్ధ హాస్యకావ్యము పేరునందున్నది ఈ రెండవదియే. ఫ్రెంచిభాషలో చిన్న గడియను తెలుపు మాటనుండి పుట్టి మన ఆడువారి గొలుసులవరకు వచ్చిన లాకెట్టు మొదటిదానికి దాయాది. విక్టోరియా రాణి కాలమున ఆంగ్లవనితలు ఆత్మీయుల కురులపాయను లాకెట్టునందు పదిలపరచుకొనెడివారు గావున, చుట్టరికము లేని ఆ రెండు పదములకును అచ్చట సహవాసము కుదిరినది. తెలుగునకు ఒక్కొక్క అర్థము ఒక్కొక్క త్రోవను వచ్చెను: పోలీసు ఠాణాతో లాకప్పు, మిల్లుతో లాకౌటు, బ్యాంకుతో లాకరు, 2020లో మహమ్మారితో లాక్‌డౌను. ఇవన్నియు మూయుటనో బంధించుటనో తెలుపునవి. దారి యిచ్చుటకై వచ్చినది కోనసీమ లాకు.

అది వచ్చినది కాలువతో. గోదావరిపై ధవళేశ్వరమువద్ద 1847లో ఆంగ్లేయ ఇంజనీరు ఆర్థర్ కాటన్ ఆరంభించి 1852 నాటికి ముగించిన ఆనకట్ట నీటిని నిలిపినంతమాత్రమున మా కోనసీమ చేలు పండలేదు. బొబ్బర్లంకవద్ద మొదలగు మధ్య డెల్టా కాలువ ఆ నీటిని లొల్ల గ్రామమునకు తెచ్చి, అచటినుండి అమలాపురము వైపునకును గన్నవరము వైపునకును పంచవలసియుండెను. ఆ కాలువలు పంటకొరకే గాక రాకపోకలకొరకును ఉపకరింపవలెనని కాటన్ ఆశయము; భారతదేశమునకు రైలుమార్గములకంటె జలమార్గములే మేలని ఆయన దీర్ఘకాలము వాదించెను. అయితే నేల సముద్రమువైపు వాలియున్నది. నీరు వడిగా పరుగెత్తి గట్లను కోయకుండునట్లు కాలువను కొంతదూరము ఇంచుమించు సమముగా నడిపి, ఒకచోట దించి, మరల సమముగా నడుపవలెను. దించినచోట నీరు దుమికిపోవును గాని పడవ దుముకజాలదు. అందుకై ప్రక్కను ఒక గది, గదికి రెండు కొనలను రెండేసి రెక్కల తలుపులు. ఆ రెక్కలు ఎగువవైపునకు కోణముగా చేరి నిలుచుటచే నీటి బలమే వానిని బిగించి పట్టును. ఇరువైపుల మట్టము సమమగువరకు ఎంతటి బలశాలియు వానిని కదలింపజాలడు, సమమైన పిమ్మట కొద్దిమంది త్రోసినను తెరచుకొనును. చైనాలో 984లోనే చియావో వెయ్‌యుయే అను అధికారి మహాకాలువపై పడవలకై రెండు తలుపుల గదిని నిర్మించెను. మావారు ఈ పడవల గదిని ఏకవచనమున పిలువరు, రెండు కొనలను తలుపులుండుటచే కాబోలు: లాకులు, లాకుల వంతెన, లాకుల కాడి టీకొట్టు. ధాన్యపు పడవలు, కొబ్బరి పడవలు తలుపుల వేళకై బారులు తీరి నిలిచిన దినములలో సరంగులు అక్కడనే అన్నము వండుకొని, ఊరూరి కబురులు కలబోసికొనెడివారని మా యింటి పెద్దలు చెప్పగా వింటిని.

గన్నవరము చేరిన కాలువకు అడ్డు వచ్చినది గోదావరి పాయయగు వైనతేయ. దాని కావలనున్న రాజోలు సీమకు నీరందించుటకై, కాటన్ అనుచరుడైన హేగ్ అను సైనికోద్యోగి 1850 ప్రాంతములలో గన్నవరమువద్ద 49 కమానులపై కాలువనే నదిని దాటించెను. ఇప్పుడా పని, 2000లో ప్రారంభమై అన్నదాత్రి డొక్కా సీతమ్మగారి పేరు దాల్చిన కొత్త అక్విడక్టు చేయుచున్నది.

వంతెనలు కట్టిరి, బస్సులు వచ్చెను, పడవలు పోయెను. లొల్ల లాకులు చలనచిత్రములవారికి ప్రియమైన స్థలమైనవి. అది నాకును సంతోషమే. కాని లాకులు అందమునకై కట్టినవి కావు. కోనసీమలో ఒక్కచోటనైన తలుపులు బాగుచేసి, పడవను దింపి, పిల్లలకు చూపవలెనని నా గట్టి కోరిక. సియాటిల్‌లో జనము గట్టుపై నిలిచి గంటలతరబడి చూచునది ఈ పనినే గదా. అంతకుముందే చేయదగినది మరియొకటి గలదు. తలుపులు త్రోసిన లస్కరులు, గెడ వేసిన పడవవారు వృద్ధులైనారు. ఏ పనిని ఏ మాటతో పిలిచిరో, నీటి మట్టమును దేనినిబట్టి గుర్తించిరో, వరదనాడు ఏమి చేసిరో, వారి నోటినుండి వారి యాసలోనే అమలాపురము, కొత్తపేట, రాజోలు విద్యార్థులు వ్రాసికొనవలెను. వేసవిని కాలువలు కట్టివేసినప్పుడు నీరు తీసి గది అడుగు బయటపడును. కొలతలు తీయుటకును, చిత్తరువులు వ్రాయుటకును, పెద్దలను గట్టుపై కూర్చుండబెట్టి ఏది యేమో చూపించి అడుగుటకును అదియే అదను.