వార్చని పాస్తా

ఒకే పాన్‌లో వండే క్రీమ్ బీఫ్ పాస్తా అమెరికా ఇళ్లలో పనిరోజుల రాత్రి వంట. 450 గ్రాముల బీఫ్ కీమా, 250 గ్రాముల పాస్తా, ఒక ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, రెండు చెంచాల టొమాటో పేస్టు, 700 మి.లీ. బీఫ్ బ్రాత్, చివర్లో 120 మి.లీ. క్రీమ్, గుప్పెడు చీజ్ తురుము ఉంటే నలుగురికి సరిపోతుంది. పొయ్యి వెలిగించిన అరగంటకు భోజనం సిద్ధం. తీరిక లేనివాళ్ల సర్దుబాటు వంటగా దీన్ని చిన్నచూపు చూసేవారున్నారు. ఆ అంచనా సరికాదు. మామూలు పద్ధతిలో పాస్తాను పెద్ద గిన్నెడు ఉప్పునీళ్లలో ఉడికించి వారుస్తారు. దాని నుంచి దిగిన పిండిపదార్థం చాలావరకు ఆ నీళ్లతోపాటే పోతుంది. ఇక్కడ వార్చడం లేదు. అత్తెసరు అన్నానికి పెట్టినట్టు కొలిచి ఎసరు పెడతారు. దిగిన పిండి అంతా పాన్‌లోనే ఉండి సాస్‌ను చిక్కబరుస్తుంది. ఈ వంటలోని నునుపుకు క్రీమ్ ఎంత కారణమో ఈ పిండీ అంతే కారణం.

దీని వంశంలో రష్యా ఉంది. బీఫ్ స్ట్రోగనాఫ్ అనే మాంసపు కూరను రష్యా రచయిత్రి ఎలేనా మొలొఖొవెట్స్ తన వంటల పుస్తకపు 1871 ముద్రణలో చేర్చారు. వేయించిన మాంసం ముక్కలు, ఆవాల ముద్ద, మాంసపు రసం, పుల్లటి మీగడ, ఇవే అందులో ముఖ్యమైనవి. పుట్టగొడుగులు, ఉల్లిపాయలు తర్వాత వచ్చి చేరాయి. అమెరికా చేరాక ఆ కూరను గుడ్డు కలిపిన నూడుల్స్ మీద వడ్డించడం మొదలైంది. కీమా, పాస్తా ఒకే పాన్‌లో ఉడికించే అలవాటును ఇంటింటికీ తెచ్చింది మాత్రం జనరల్ మిల్స్ సంస్థ 1971లో దేశమంతటా అమ్మకానికి పెట్టిన హాంబర్గర్ హెల్పర్ పెట్టె. ఎండు పాస్తా, సాస్ పొడి అందులో ఉంటాయి. కీమా కొనుక్కుంటే చాలు. మాంసం ధరలు పెరుగుతున్న కాలమది. 1973 ఏప్రిల్‌లో అమెరికా గృహిణులు మాంసం కొనడం మానేసి నిరసన తెలిపారు. కాస్త మాంసంతో ఇంటిల్లిపాదికీ కడుపు నింపే పద్ధతి అప్పుడు ఎంత అక్కరకొచ్చిందో ఊహించవచ్చు. పెట్టె లేకుండా వండుకుంటే రుచి ఇంకా బాగుంటుంది, ఉప్పు మన చేతిలో ఉంటుంది.

రుచికి పునాది కీమా వేయించడంలో పడుతుంది. తొందరపడేవారు చెడగొట్టేదీ ఇక్కడే. మాంసంలో సగానికి పైగా నీరే. పాన్ వేడెక్కకముందే కీమా వేస్తే ఆ నీరు ఊరి, మాంసం అందులోనే ఉడికి బూడిదరంగులో మిగులుతుంది. ఫ్రెంచ్ శాస్త్రవేత్త లూయీ కామీ మెయిలార్డ్ 1912లో వివరించిన చర్య, అంటే మాంసకృత్తులూ చక్కెరలూ వేడికి కలిసి గోధుమరంగునూ కమ్మని వాసననూ పుట్టించడం, సుమారు 140 డిగ్రీల సెల్సియస్ దగ్గర జోరందుకుంటుంది. నీరు మిగిలినంతసేపూ వేడి 100 డిగ్రీలు దాటదు. అందుకే 30 సెంటీమీటర్ల వెడల్పున్న లోతు పాన్ కావాలి. అది బాగా కాగాక కీమాను పరిచి, మూడు నాలుగు నిమిషాలు గరిట పెట్టకుండా వదిలేయాలి. అడుగు ఎర్రబడ్డాక చిదిపి తిప్పాలి. 20 శాతం కొవ్వున్న కీమా అయితే ఊరిన కొవ్వులో ఒకటి రెండు చెంచాలు ఉంచి మిగతాది తీసేయాలి. హైదరాబాదులో పెద్దకూరగా అమ్మే దున్న మాంసానికి కొవ్వు తక్కువ; దానికి కాస్త నూనె కలపాలి. బీఫ్ తినని ఇళ్లలో చికెన్ కీమాతోనూ ఇదే వరుస.

ఉల్లి, వెల్లుల్లి మెత్తబడ్డాక టొమాటో పేస్టు వేసి పచ్చివాసన పోయి రంగు ముదిరేదాకా వేయించాలి. ఆపైన బ్రాత్ పోసి, పాన్ అడుగున అంటిన గోధుమరంగు పొరను చెక్క గరిటతో గీకి కరిగించాలి. దాన్ని మాడు అనుకుని వదిలేస్తే వంటలోని అసలు రుచి పాన్ తోమేటప్పుడు పోతుంది.

మరిగిన ఎసట్లో పాస్తా వేయాలి. పెన్నే, గవ్వల వంటి పొట్టి రకాలే నయం.  మొదటి రెండు నిమిషాలు వదలకుండా కలపాలి. పాస్తా పైపొరలోని పిండి తడిసి జిగురెక్కేది అప్పుడే, ముక్కలు ఒకదానికొకటి అంటుకునేదీ అప్పుడే. తర్వాత మూతపెట్టి, మధ్యమధ్య కలుపుతూ సన్నసెగ మీద ఉడికించాలి. పొట్లం మీద రాసిన సమయం కంటే రెండు మూడు నిమిషాలు ఎక్కువ పట్టవచ్చు. ఎసరు ఇగిరేకొద్దీ ఉప్పదనం చిక్కబడుతుంది కాబట్టి ఉప్పు చివర్లో రుచి చూసి వేయడమే మేలు. పలుకు మిగిలి ఎసరు ఇగిరిపోతే అరకప్పు వేడినీళ్లు పోయాలి.

క్రీమ్ ఆఖరున వేయాలి. టొమాటో పులుపు, వేడి కలిసినప్పుడు పాలలోని కేసీన్ గడ్డకట్టి విరుగుతుంది. కొవ్వు ఎక్కువగా ఉంటే ఆ ప్రమాదం తక్కువ. అమెరికాలో హెవీ క్రీమ్ అనాలంటే కనీసం 36 శాతం పాలకొవ్వు ఉండాలి. అది మరుగునూ తట్టుకుంటుంది. మన దగ్గర పెట్టెల్లో దొరికే క్రీమ్‌లో సుమారు 25 శాతమే ఉంటుంది కాబట్టి సెగ బాగా తగ్గించి పోయాలి. పుల్లటి మీగడ అయితే పొయ్యి ఆర్పాకే. చీజ్ కూడా దించాకే, అప్పటికప్పుడు తురిమి కలపాలి. తురిమి అమ్మే చీజ్‌కు ముక్కలు అంటుకోకుండా పిండి వంటివి పూస్తారు. అది సాస్‌లో సరిగా కలవక ఇసుకలా తగులుతుంది.

దించేటప్పుడు సాస్ కొంచెం పలుచగానే ఉండాలి. వేడి తగ్గేకొద్దీ పిండి గట్టిపడుతుంది, పాస్తా ఇంకా పీల్చుకుంటుంది. పొయ్యి మీదే చిక్కగా కనిపించినది పళ్లెంలోకి వచ్చేసరికి ముద్దవుతుంది. ఐదు నిమిషాలు ఆగి వడ్డిస్తే సరిగ్గా కుదురుతుంది. మిగిలితే రెండు గంటలలోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. మర్నాడు కాసిని పాలో నీళ్లో చిలకరించి సన్నసెగ మీద కలిపితే సాస్ మళ్లీ వదులవుతుంది.