గోళ్లరంగు చుక్క

మా చిన్నాన్న స్పీకరు తీగల కొసలను పళ్లతో ఒలిచేవాడు. లోపలి సన్నటి రాగి పోగులను వేళ్ల మధ్య పెట్టి, దీపానికి వత్తి చేసినట్టు మెలిపెట్టేవాడు. ఒక్క పోగు లేచి పక్క తీగకు తగిలినా షార్టే. అందుకే యాంప్లిఫయర్ వెనక క్లిప్పు నొక్కి తీగ దూర్చాక, టార్చిలైటు వేసి మళ్లీ చూసేవాడు.

మిర్యాలగూడలో మా ఇల్లు, 1989. హైదరాబాదు కోఠిలో గుజరాతీ గల్లీకి పోయి చేయించుకొచ్చిన అసెంబుల్డ్ సెట్టు అది. వెనక అల్యూమినియం హీట్‌సింకుకు బిగించిన 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు గంట పాడితే చెయ్యి పెట్టలేనంత కాలేవి. డబ్బాలు మా వీధి వడ్రంగి చేశాడు: ప్లైవుడ్డు, లోపల దూది, ముందు జాలీ గుడ్డ. డబ్బా చేయించుకోలేనివాళ్లు స్పీకరును మట్టికుండ మూతికి బిగించేవాళ్లు. కుండలోంచి వచ్చే ఆ గుమ్మనే బేస్‌కు నేటికీ సాటి లేదంటాను.

అసలు పని పెన్సిల్ సెల్లుతో. స్పీకరు తీగలు రెంటినీ సెల్లుకు చెరో కొసన ఒక్క క్షణం తాకించేవాడు. టప్‌మనేది. కోన్ ముందుకు ఉబికితే, సెల్లు ప్లస్సును తాకిన తీగే ప్లస్సు. వెంటనే దానికి పిన్ని గోళ్లరంగుతో చుక్క పెట్టేవాడు. రెంటిలో ఒక స్పీకరు తీగలు తారుమారైతే, ఒక కోన్ ముందుకు తోసేటప్పుడు రెండోది వెనక్కి లాగుతుంది. బేస్ గాలిలోనే చచ్చిపోతుంది. చాలా ఇళ్లల్లో ఏళ్ల తరబడి అలాగే విన్నారు, సెట్టును తిట్టుకున్నారు.

డబ్బాల మధ్య ఎంత దూరముందో, వాటి నుంచి అంతే దూరంలో నన్ను కూర్చోబెట్టేవాడు. "ఇంకొద్దిగ నడుమకు జరుగురా" అని 'గీతాంజలి' క్యాసెట్ వేసేవాడు. వాయిద్యాలు చెరో పక్కకు విడిపోయేవి. బాలు గొంతు మాత్రం నడిమధ్య, క్యాలెండరు వేలాడే ఉత్త గోడలోంచి వచ్చేది. మొదటిసారి లేచి వెళ్లి గోడ తడిమాను. సున్నం అరచేతికి అంటింది. రెండు స్పీకర్లూ ఒకే గొంతును సమానంగా పలికితే చెవికి అది మధ్యలో నిలుస్తుందని తర్వాతెప్పుడో చదువుకున్నాను.

ఇప్పుడు మా ఇంట్లో పాట అరచేతిలో పట్టే డబ్బాలోంచి వస్తుంది. తీగ లేదు. బాగానే పాడుతుంది. ఎక్కడ కూర్చుని వినాలో మాత్రం ఎవరూ ఎవరికీ చెప్పరు. నాకు లోటల్లా అదే.

చిన్నాన్న పోయాక యాంప్లిఫయరు పాతసామాన్లకు పోయింది. డబ్బాలు మాత్రం నా దగ్గరున్నాయి, చుక్కలు చెక్కుచెదరలేదు. మీ అటక మీదా అలాంటి జత ఉంటే, బండివాడికి వేసేముందు ఒక పెన్సిల్ సెల్లు తాకించి చూడండి. టప్‌మంటే పారేయకండి.