నివేదికలో అమ్మ

హిందూ పిల్లలకి సహజ సంరక్షకుడు తండ్రి, 'ఆయన తర్వాత' తల్లి అంటుంది 1956 నాటి చట్టం. కొడుకు పేర బాండ్లు కొనడానికి తల్లి సంతకం చాలదన్నప్పుడు నవలా రచయిత్రి గీతా హరిహరన్ సుప్రీంకోర్టుకి వెళ్లారు. 'తర్వాత' అంటే తండ్రి చనిపోయాక మాత్రమే కాదు, పిల్లల బాగోగులు ఆయన పట్టించుకోనప్పుడు కూడా అని 1999లో కోర్టు చెప్పింది. చట్టంలో మాట అలాగే ఉంది. చదివే తీరు మారింది.

సాహిత్య పరిశోధన చేసిన నాకు ఆ తీర్పు ఎప్పుడూ గుర్తుంటుంది. అందుకే ఒక స్నేహితురాలు తన కస్టడీ కేసులో కౌన్సెలర్ ఇచ్చిన రిపోర్టు చూపించి, "ఇందులో నేనెలా ఉన్నానో చూడవే" అన్నప్పుడు దాన్నీ ఒక రచనలాగే చదివాను.

ఫ్యామిలీ కోర్టుల్లో కౌన్సెలర్లు ఉంటారు. అది కాక, వైద్య నిపుణుల, కుటుంబ సంక్షేమంలో పనిచేసేవాళ్ల సాయం జడ్జి తీసుకోవచ్చని 1984 చట్టం 12వ సెక్షన్ చెబుతుంది. వీలైతే స్త్రీ అయితే మంచిదనీ అంటుంది. వాళ్లు తల్లితో, తండ్రితో విడివిడిగా మాట్లాడతారు. బిడ్డతో మాట్లాడతారు. అవసరమైతే ఇల్లు చూస్తారు. అదంతా రిపోర్టుగా జడ్జికి చేరుతుంది. అది తీర్పు కాదు. బిడ్డ క్షేమం చూసి నిర్ణయించాల్సింది జడ్జే. కానీ ఆ క్షేమాన్ని జడ్జి చాలాసార్లు ఈ కాగితాల్లోంచే చూస్తారు.

నా స్నేహితురాలి రిపోర్టులో 'తల్లి ఉద్యోగరీత్యా సాయంత్రం ఏడు గంటలకు ఇల్లు చేరుతుంది' అని ఉంది. తండ్రి ఎన్నింటికి చేరతాడో ఎక్కడా లేదు. 'తండ్రి స్వయంగా అన్నం తినిపిస్తాడు' అని ఉంది. ఏడేళ్లుగా ఆమె తినిపించిన అన్నం గురించి ఒక్క ముక్క లేదు. మాట్లాడుతూ ఆమె ఏడ్చింది. అది 'మానసిక స్థిరత్వం తక్కువ'గా మారింది. "నాకు అమ్మా నాన్నా ఇద్దరూ కావాలి" అన్న పిల్ల మాట 'బాలిక ఎటూ తేల్చుకోలేకపోతోంది' అయింది. రాసింది స్త్రీయే. చట్టం కోరిన 'స్త్రీ' అక్కడ ఉంది, స్త్రీ చూపు లేదు.

మధ్యవర్తిత్వంలో మాట్లాడుకున్నవి రహస్యమంటారు. కస్టడీ వివాదాల్లో కౌన్సెలర్ రిపోర్టుకి ఆ రక్షణ లేదని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ గదిలో కార్చిన కన్నీళ్లు కూడా జడ్జి బల్ల మీదకి వస్తాయన్నమాట.

మా స్నేహితురాలు లాయరు ద్వారా రాతపూర్వకంగా అభ్యంతరాలు దాఖలు చేసింది. నేను చేసిందల్లా ప్రతి వాక్యం పక్కన 'మరి తండ్రి?' అని రాయడమే. కేసు ఇంకా నడుస్తోంది. పాప ఎవరి దగ్గర ఉండాలో నేను చెప్పలేను. ఆ మాట జడ్జి చెప్పేముందు, ఇద్దర్నీ ఒకే ప్రశ్నలు అడగాలని మాత్రం చెప్పగలను.