కల్లం కాడ కబుర్లు

మాఘం వచ్చిందంటే మా పల్నాడులో రెండే మాటలు: ఎవరింట్లో పెళ్లి, ఎవరి కల్లం ఎండింది. ముహూర్తాలూ మిరప కోతలూ ఒక్కసారే వచ్చిపడతాయి. పట్టుచీర కట్టుకుని అక్షింతలు వేసి, పెరుగన్నం దాకా ఆగకుండా చేలోకి పరిగెత్తే ఆడవాళ్లు ఈ నెలంతా కనపడుతూనే ఉంటారు. పెళ్లికూతురికి పెద్దవాళ్లు బోలెడు చెబుతారు. మిరప రైతింటికి వచ్చే పిల్లయితే నేను ఇంకోటి కలుపుతాను: లెక్కల పుస్తకం ఎక్కడ పెడతారో మొదటి నెల్లోనే కనుక్కో తల్లీ!

రెండో కోత జోరుగా ఉంది. మొన్న మా వీధిలో ఒకావిడ తెల్లారి కోతకు మనుషుల్ని చెప్పింది. వాళ్లాయన ముందురోజు సాయంత్రమే అదే చేలో మందు కొట్టించాడు. ఒకరికొకరు చెప్పుకోలేదు. ముఠా మొత్తం వచ్చి గట్టున కూర్చుంది. ఆ పూట ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదని వినికిడి.

పగలు మాటలకు తీరికెక్కడిది? ఉన్నదల్లా రాత్రే. మంచు పడకుండా కాయల మీద పట్టాలు కప్పి, దొంగల భయానికి కల్లంలోనే మంచం వేసుకుంటారు. పిల్లలుండరు, అత్తగారుండరు, టీవీ ఉండదు. ఘాటుకి తుమ్ములు మాత్రం ఉంటాయనుకోండి. మా ఊళ్లో చాలా జంటలు ఏడాదికి సరిపడా మాట్లాడుకునేది ఈ కాపలా రాత్రుల్లోనే. ఆయనొక్కణ్ణే పంపి తాను ఇంట్లో పడుకునే ఇల్లాలిని చూస్తే నాకు జాలేస్తుంది.

అక్కడ సరసాలే ఆడతారని కాదు. తేజ రకం కాయ అమ్మేద్దామా, ఏసీ గిడ్డంగిలో పెడదామా అన్నదే ప్రతి ఇంటి తగువు. 2025 ఫిబ్రవరిలో ధర కూలిపోయి, కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించిన రోజుల్లో ఈ తగువు వినపడని గడప లేదు. ఏసీ అద్దె, అప్పు మీద వడ్డీ, పిల్లల ఫీజు పక్కపక్కన రాసుకుని ఇద్దరూ కలిసి తేల్చుకుంటే, తర్వాత రేటు పెరిగినా తగ్గినా ‘నీవల్లే’ అన్న మాట రాదు. అంతకుముందు 2021లో నల్ల తామర పురుగు పూతంతా రాల్చేసినప్పుడు ఎందరి మెడలో గొలుసులు బ్యాంకుకు చేరాయో! అడిగి తీసుకున్న గొలుసు గురించి ఏ ఆడదీ పెద్దగా సాధించలేదు. బీరువాలోంచి చెప్పకుండా తీసినదాని సంగతి మాత్రం ఇప్పటికీ పండగ పండక్కీ పైకొస్తుంది.

అన్నట్టు, కూలీలను పిలిచేదీ, తాలుకాయ ఏరించేదీ, కల్లం తిరగేసేదీ ఇల్లాలే. పాసుపుస్తకంలో పేరు మాత్రం ఆయనది. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో ఆడవాళ్లు సాగుదారులుగా నమోదైన కమతాలు నూటికి 14. పెళ్లిరోజుకి చీరెందుకు, ఒక అరెకరం రాసివ్వమనండి!

శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ల. ఊరూరా ప్రభలు కడుతున్నారు, చందాల పుస్తకాలు తిరుగుతున్నాయి. కల్లం దగ్గర ఒకరుండాలని ఆయన పగలు, ఆవిడ రాత్రి వెళ్లొస్తుంటారు కొందరు. ఇదేం తిరునాళ్ల? ఒక్క రాత్రికి మరిదికి అప్పజెప్పి ఇద్దరూ కలిసి పోతే, లైట్ల ప్రభల కింద జీళ్లు తినొచ్చు, త్రికోటేశ్వరుణ్ణి జంటగా చూడొచ్చు.

ఎండలు ముదిరాక గుంటూరు యార్డుకి వేసవి సెలవులిస్తారు. “యార్డుకుండే సెలవులు మనకెందుకుండవండీ? అన్నవరం వెళ్లి వ్రతం చేసుకొద్దాం” అన్నాను మా ఆయనతో.

“దుక్కి ఎవరు దున్నిస్తారే?” అన్నారు.

“రెండు రోజులకి పొలం ఎక్కడికీ పోదు” అన్నాను. ఆ మాటకు ఇంకా జవాబు రాలేదు. టిక్కెట్లు మాత్రం మా అబ్బాయి చేత తీయించేశాను.