మూడు ఊళ్ల బాటలో పసిబిడ్డలు



హైదరాబాదు నుండి విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద నకిరేకల్ దాటి, మూసీ వంతెన దాటితే సూర్యాపేట వస్తుంది. మునగాల మీదుగా ఇంకా ముందుకు పోతే ఆంధ్ర సరిహద్దుకు దగ్గరలో కోదాడ. అక్కడినుండి హుజూర్‌నగర్, నేరేడుచర్ల దారి పట్టుకుంటే మిర్యాలగూడ. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లే ఈ ప్రాంతాన్ని వరి పొలాలతో నింపాయి. మిర్యాలగూడలో బియ్యపు మిల్లులు అడుగడుగునా కనిపిస్తాయి.

ఈ నేలకు పరదేశుల సేవ కొత్త కాదు. నేటి ఉక్రెయిన్‌లోని ఒక జర్మన్ భాషా పల్లె నుండి అబ్రహాం ఫ్రీసెన్, ఆయన భార్య మరియ 1889లో ఇండియాకు వచ్చారు. వారు మెన్నొనైట్ బ్రదరన్ సంఘస్థులు. అమెరికన్ బాప్టిస్టు మిషనుతో కలిసి నల్లగొండలో పని ప్రారంభించారు. తరువాత అదే సంఘం నుండి వచ్చిన అబ్రహాం హూబర్ట్ దంపతులు సూర్యాపేటలో నిలిచారు. వారు మొదట చేసిన పని తెలుగు నేర్చుకోవడం. వచ్చినవారు ఏండ్ల తరబడి ఉన్నారు. బిడ్డ జ్వరంతో మూలిగినా, ఆకలితో ఏడ్చినా వాని మాట వారికి అర్థమయ్యేది.

ఇప్పటి సంగతి వేరు. విదేశాలనుండి యౌవనస్థులు సెలవులలో రెండు వారాలకు వస్తారు. వారి మనసు మంచిదే. పాటలు నేర్పుతారు, బిడ్డలను ఎత్తుకుంటారు, ఫొటోలు తీసుకుంటారు, వెళ్లిపోతారు. అప్పుడే మెడ పట్టుకొని వదలని పసివాడు మళ్లీ ఒంటరివాడవుతాడు. వచ్చే సెలవులకు మరొకరు వస్తారు, వారూ పోతారు. ఇంతకంటె పెద్ద చిక్కు మరొకటుంది. చూడవచ్చే అతిథుల కోసం, వారి కానుకల కోసం, తల్లి బ్రతికున్న బిడ్డను కూడా అనాథ అని హోములో చేర్చే శోధన కలుగుతుంది. అందుకే 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశం ఇటువంటి పర్యాటక సేవ వలన బిడ్డలకు కలిగే హానిని గూర్చి తీర్మానంలో హెచ్చరించింది.

మన దేశపు 2015 బాలల న్యాయ చట్టం కూడా అదే దారిలో ఉంది. బిడ్డను హోములో పెట్టడం చివరి మార్గం మాత్రమే. పిల్లల హోముకు రిజిస్ట్రేషను తప్పనిసరి. ఏ బిడ్డను ఎక్కడ ఉంచాలో నిర్ణయించేది జిల్లా బాలల సంక్షేమ సమితి.

మిల్లు కూలికి పోయే తల్లి, "అయ్యగారూ, పిలగాణ్ణి హోముల ఏస్తే మంచిగ సదువుకుంటడా?" అని అడిగితే ఏమని చెప్పాలి? ముందుగా ఆమె గడప నిలబెట్టే దారి చూడాలి. సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం ఉంది. గురుకుల పాఠశాలలున్నాయి, సెలవులకు బిడ్డ ఇంటికి వస్తాడు. సాయంకాలం మందిరపు గదిలో లైటు వేసి, చదువుకున్న ఒక అక్కయ్య పాఠం చెప్పితే ఆ తల్లికి సగం భారం దిగుతుంది.

మరి విదేశీ మిత్రులు రావద్దా? రావచ్చు. నర్సు వస్తే మన ఆరోగ్య కార్యకర్తలకు నేర్పవచ్చు, ఉపాధ్యాయుడు వస్తే మన టీచర్లకు నేర్పవచ్చు. వారు పోయినా ఆ విద్య ఇక్కడే ఉంటుంది. డబ్బు పంపదలచినవారు హోము గోడలకంటె ముందు విధవరాలి ఇంటిని తలంచాలి. యాకోబు పత్రిక మొదటి అధ్యాయం తండ్రిలేని బిడ్డలను, విధవరాండ్రను ఒకే మాటలో కలిపి చెప్పింది గదా!

సంఘ పెద్దలారా, బస్టాండులో ఒంటరి బిడ్డ కనిపించినా, ఇటుక బట్టీలో పసివాడు పని చేస్తున్నా 1098కి ఫోను చేయండి. ఫోనుకు డబ్బు పడదు. ఆ ఫోను చేయడానికి సముద్రం దాటి ఎవరూ రానక్కరలేదు.