కంకిపాడు నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా

బెజవాడ నుంచి హైదరాబాదుకు రాత్రి బస్సులో వచ్చేవారికి ఒక అలవాటున్నది. హయత్‌నగర్ దాటగానే, కండక్టరు లేపనక్కరలేకుండానే మెలకువ వచ్చేస్తుంది. కళ్ళు నులుముకుంటూ సామాన్లు సర్దుకోవడం మొదలుపెడతారు. ఎల్.బి. నగర్ చౌరస్తాలో సగం బస్సు ఖాళీ. మిగిలినవారిలో సగంమంది దిల్‌సుఖ్‌నగర్‌లో దిగిపోతారు. చార్మినారూ, ట్యాంక్‌బండూ తరువాతి సంగతి. కృష్ణా, గుంటూరు, నల్లగొండ జిల్లాలవాళ్ళకు హైదరాబాదంటే ముందుగా ఈ నాలుగు కిలోమీటర్ల రోడ్డే!

1985లో నేనూ అలాగే దిగాను. ఒక చేతిలో ట్రంకుపెట్టె, రెండో చేతిలో అమ్మ కట్టి ఇచ్చిన ఆవకాయ జాడీ. మా ఊరు కంకిపాడుకు కూతవేటు దూరం. ఇప్పటి లెక్కలో 65వ నంబరు జాతీయ రహదారి పూనా నుంచి బయలుదేరి, హైదరాబాదు, బెజవాడల మీదుగా బందరు చేరుతుంది. మా కంకిపాడు ఆ రోడ్డు మీదే ఉన్నది. దిల్‌సుఖ్‌నగరూ ఆ రోడ్డు మీదే ఉన్నది. అందుచేత ఎక్కడికో పరాయిచోటికి వచ్చాననిపించలేదు. మా వీధి కాస్త పొడుగైందనిపించింది, అంతే.

లాల్ బహదూర్ శాస్త్రిగారి పేర వెలసినది ఎల్.బి. నగర్. దిల్‌సుఖ్ రామ్ అనే జాగీర్దారు పేర వెలసినది దిల్‌సుఖ్‌నగర్. ఆ పేరులోనే మనసుకు సుఖమున్నది గదా అని, సరూర్‌నగర్ చెరువువైపు పోయే ఒక సందులో గది అద్దెకు తీసుకున్నాను. ఇంటాయనది నల్లగొండ జిల్లా. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. మొదటిరోజే "తమ్మీ, బువ్వ తిన్నవా?" అని అడిగాడు. ఊరు విడిచి వచ్చినవాడికి ఆ పిలుపు ఎంత చల్లగా ఉంటుందో అనుభవించినవారికే తెలుసు. నేను ఆయనను "అన్నగారూ" అనేవాణ్ణి.

ఆ సంవత్సరమే టి. కృష్ణగారి "ప్రతిఘటన" వచ్చింది. అందులో కాశయ్య అనే మంత్రి వేషం వేసిన కోట శ్రీనివాసరావుగారు మా కంకిపాడు మనిషి. 1942 జులై 10న అక్కడే పుట్టారు. తండ్రి వైద్యుడు. ఈయన స్టేట్ బ్యాంకులో ఉద్యోగం చేస్తూ నాటకాలు వేసేవారు. 1978లో "ప్రాణం ఖరీదు"తో సినిమాల్లోకి వచ్చారు. ఏడేళ్ళపాటు జనానికి అంతగా తెలియలేదు. కాశయ్య వేషంతో ఒక్కసారిగా ఇంటింటా పేరు మోగిపోయింది.

"మా ఊరాయన, చూద్దురుగాని రండి" అంటూ అన్నగారిని, పదేళ్ళ వాళ్ళబ్బాయిని వెంటబెట్టుకుని వెళ్ళాను. తెరమీద కాశయ్య అచ్చమైన తెలంగాణ యాసలో "తమ్మీ" అంటూ నవ్వుతూనే గొంతులు కోస్తుంటాడు. హాలు గొల్లుమన్నది. అందరికంటే గట్టిగా నవ్వినవాణ్ణి నేనే.

అక్కడితో ఊరుకున్నానా? మరునాటినుంచి వరండాలో నిలబడి కాశయ్యలా మాట్లాడి చూపించడం మొదలుపెట్టాను. ఆఫీసులో మావాళ్ళంతా పడిపడి నవ్వేవారు. ఇంట్లో మాత్రం ఎవరూ నవ్వలేదు. వారం తిరిగేసరికి అన్నగారు నన్ను "సారూ" అని పిలవసాగారు. అద్దె పెరగలేదు, మర్యాద తగ్గలేదు. "తమ్మీ" మాత్రం పోయింది.

ఒకనాడు ధైర్యం చేసి అడిగాను.

"తప్పు మాట్లాడిండని కాదు సారూ," అన్నారాయన. "మంచిగ మాట్లాడిండు. మా ఊర్లె మాట్లాడినట్టే మాట్లాడిండు. గందుకే గుచ్చుకున్నది. హీరో మీ తీరు మాట్లాడుతడు. దొంగ మా తీరు మాట్లాడుతడు. మా పోరడు బడికి పోయి మీ తీరు మాట్లాడుతున్నడు. ఇంట్ల మా అమ్మ మాట్లాడితే వానికి సిగ్గయితున్నది."

నాకు నోట మాట రాలేదు. ఆ పిల్లవాడికి ఆ సిగ్గు నేర్పినవాళ్ళలో నేనూ ఒకణ్ణి కదా! వరండా నాటకం ఆనాటితో కట్టిపెట్టాను. కాని పోయిన పిలుపు మళ్ళీ రాలేదు. మరుసటేడు బదిలీమీద వెళ్ళిపోయాను.

ఇందులో నటుడి తప్పెంత? క్యారెక్టర్ నటుడికి ముఖంతోపాటు చెవీ ఉండాలి. అమెరికాలో వాల్టర్ బ్రెన్నన్ అనే ఆయన ఉండేవాడు. 1936, 1938, 1940 సంవత్సరాల చిత్రాలకు మూడుసార్లు ఆస్కారు బహుమతి గెలిచాడు. తరువాత టెలివిజన్‌లో "ది రియల్ మెకాయ్స్" ధారావాహికలో పల్లెటూరి తాతగా ఇంటింటివాడయ్యాడు. పశువులు కాచే పడమటిదేశపు ముసలివాళ్ళ మాటతీరుకు పెట్టింది పేరు. తీరా చూస్తే ఆయన పుట్టింది తూర్పుతీరంలోని మసాచుసెట్స్‌లో! కోటవారి విద్యా అటువంటిదే. అయితే, ఆ యాసకు ఏ వేషం కట్టబెట్టాలో నిర్ణయించేది నటుడు కాదు. కథ రాసేవారు, డబ్బు పెట్టేవారు, టిక్కెట్టు కొని నవ్వే మనమూను.

కోటవారు ఒక్క మూసలో ఉండిపోలేదు. 1987లో జంధ్యాలగారి "అహ నా పెళ్ళంట"లో, కోడిని ఇంటికప్పుకు వేలాడదీసి, దాన్ని చూస్తూ అన్నం తినే పిసినారిగా జనాన్ని చక్కిలిగింతలు పెట్టారు. 1993లో "గాయం"లో మళ్ళీ తెలంగాణ యాస నాయకుడు. 2004లో "ఆ నలుగురు"లో వడ్డీవ్యాపారి కోటయ్య. తమిళంలో "సామి", హిందీలో "సర్కార్". నడుమ 1999 నుంచి 2004 దాకా బెజవాడ తూర్పు నియోజకవర్గానికి శాసనసభ్యులు. 2015లో పద్మశ్రీ. 2025 జులై 13, ఆదివారంనాడు హైదరాబాదులో కన్నుమూశారు.

ఆ వార్త వినగానే నాకెందుకో అన్నగారే గుర్తుకు వచ్చారు. మరుసటి ఆదివారం బయలుదేరాను.

ఎల్.బి. నగర్‌లో మెట్రో ఎక్కాను. 2018లో వచ్చిందిది. ఒకనాడు సిటీబస్సు మెట్టుమీద వేళ్ళాడుతూ చూసిన రోడ్డును ఇప్పుడు మేడమీదనుంచి చూస్తున్నాను. తరువాతి స్టేషను విక్టోరియా మెమోరియల్. నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంనాటి భవనం, విక్టోరియా రాణి పేర అనాథబాలల నిలయమైంది. కొత్తపేట పండ్ల మార్కెట్టు ఉండగా ఎండాకాలమంతా ఆ రోడ్డున మామిడిపళ్ళ వాసన ఘుమ్మనేది. 2021లో దాన్ని బాటసింగారం తరలించారు. చైతన్యపురి దాటి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాను. పుస్తకాల సంచులతో కోచింగు పిల్లలు, చీరల దుకాణాలు, సాయిబాబా గుడికి పోయే భక్తులు - రద్దీ అలాగే ఉన్నది. రకరకాల జిల్లాల తెలుగు ఒకదానిమీద ఒకటి పడుతూ చెవినబడటమూ అలాగే ఉన్నది.

ఆ సందులో పాత ఇల్లు పోయి నాలుగంతస్తులు లేచాయి. కింది వాటాలో అన్నగారు టీవీ ముందు కూర్చుని ఉన్నారు. అందులో "అహ నా పెళ్ళంట" వస్తున్నది. కోడి వేళ్ళాడుతున్నది. పక్కన మనుమరాలు. ఇద్దరూ కడుపుబ్బ నవ్వుతున్నారు.

నన్ను పోల్చుకోవడానికి ఆయనకు అరనిమిషం పట్టింది. కూర్చున్నాక, "ఇంకా ఆయనమీద కోపముందా అన్నగారూ?" అన్నాను.

"ఆయన మీద నాకెన్నడు కోపం లేదు," అన్నారు. "ఆయన మా మాట మా కంటె మంచిగ మాట్లాడిండు. మంచోని వేషం మాకు దొరకలే, గంతే. నిరుడు కాదు, ముందటేడు 'బలగం' చూస్తిమి. ముసలోడు, కొడుకులు, బిడ్డ, అందరు మా తీరే మాట్లాడిరి. హాల్ల నా కొడుకు ఏడ్చిండు. నవ్వేటోడు ఒక్కడు లేడు."

1992లోనే "మొండిమొగుడు పెంకిపెళ్ళాం"లో విజయశాంతి చేత ఆ యాస పలికించారు. 2017లో "ఫిదా" కథానాయికకూ దక్కింది. 2023లో "బలగం" నాటికి ఊరు ఊరంతా అదే మాట. ఆనాడు బడికి పోయి మాట మార్చుకున్న పిల్లవాడికి ఇప్పుడు యాభై ఏళ్ళు. అతని కూతురు ఆ మాటలోనే గడగడ మాట్లాడుతూ నాకు టీ తెచ్చి ఇచ్చింది.

చీకటిపడుతుండగా లేచాను. అన్నగారు గుమ్మందాకా వచ్చారు.

"బువ్వ తిని పో తమ్మీ," అన్నారు.

నలభై ఏళ్ళ తరువాత విన్నాను ఆ మాట. చెప్పులు విడిచి మళ్ళీ లోపలికి వెళ్ళాను.